వాన కొలిచే విల్లడీన్

మిస్ విల్లడీన్ క్రాబ్‌ట్రీ మా పాల్మెట్టో వీధిలో అందరి మీదా మునిసిపల్ ఆఫీసుకి ఫిర్యాదు చేసింది. నా మీద మూడుసార్లు. చెత్త డబ్బాలు రోడ్డు పక్కనే వదిలేశానని ఒకసారి, ముంగిట గడ్డి అడుగు ఎత్తు దాటిందని ఒకసారి, ఇంటి నంబరు రోడ్డు మీంచి కనబడటం లేదని ఇంకోసారి. మూడోదానికి నాకు ఒళ్ళు మండింది. ఇరవై రెండేళ్ళుగా ఇదే ఇంట్లో ఉంటున్నాను. నా ఇల్లు తెలియనివాళ్ళు ఈ వీధిలోకి ఎందుకు రావాలి?

"అంబులెన్సు వాడు నీకు చుట్టమా అమ్మాయ్, గుర్తుపట్టి రావడానికి?" అంది ఆవిడ. అది నిజమే అనిపించడంతో ఇంకా మండింది.

కానీ ఆవిడకో పద్ధతి ఉంది. ముందు తలుపు తట్టి మొహం మీదే చెప్తుంది. "ఇదీ సంగతి. మూడు రోజులు చూస్తాను. తర్వాత ఆఫీసుకి చెప్తాను. మళ్ళీ చెప్పలేదనకు." మూడు రోజుల్లో సరిచేసుకుంటే నాలుగో రోజు ఉడకబెట్టిన వేరుశనక్కాయలు గిన్నెనిండా తెచ్చిస్తుంది. సరిచేసుకోకపోతే పసుపురంగు నోటీసు వస్తుంది. వీధిలో ఆవిడని తిట్టుకోనివాళ్ళు లేరు. చాటుగా ఫిర్యాదు చేసిందని అన్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి. ముందుకి వెళ్తూ అద్దంలోంచి వెనకేం జరుగుతోందో చూడటం ఆవిడకి ఊపిరి తీసుకున్నంత అలవాటు. ఉద్యోగం అయిపోయింది, భర్త హోయిట్ పోయాడు, పిల్లలు లేరు. చూసే కళ్ళు మాత్రం మిగిలాయి. వాటికి మా వీధే దొరికింది.

ఆ కళ్ళకి ఇంకో పని కూడా ఉంది. ఆవిడ వాన కొలుస్తుంది. ఇంటి ముందు కర్రకి బిగించిన ప్లాస్టిక్ గొట్టం, దాని మీద అంగుళాల గీతలు. రోజూ ఉదయం ఏడింటికి నైటీ మీదే రబ్బరు బూట్లు వేసుకుని వెళ్ళి, వంగి, కళ్ళద్దాలు పైకి తోసి చూస్తుంది. చూసింది పుస్తకంలో రాసుకుని, లోపలికెళ్ళి పాత కంప్యూటర్లో వాతావరణ కేంద్రానికి పంపుతుంది. దేశంలో ఇలా పైసా జీతం లేకుండా వాన కొలిచేవాళ్ళు వేలమంది ఉన్నారట. పంతొమ్మిదేళ్ళలో ఒక్కరోజు కూడా మానలేదు. హోయిట్ అంత్యక్రియల రోజు నల్ల గౌనులోనే వెళ్ళి చూసొచ్చింది. ఆ రోజు పావు అంగుళం.

ఆవిడకి ఎడమపక్క ఇంట్లో లామార్ టీగ్ ఉంటాడు. కుడిపక్కన నేను. లామార్‌కి అరవై ఒకటి. గడ్డి కోసే యంత్రాలు బాగుచేస్తాడు. చేతులెప్పుడూ నల్లగా ఉంటాయి, మనసు తెల్లగా ఉంటుంది. విల్లడీన్ ఇంటి గడ్డి కోసేది అతనే, పంపు కారితే చూసేది అతనే. ఎనిమిదైనా ఆవిడ వరండాలో కనబడకపోతే వచ్చి తలుపు తట్టేది కూడా అతనే. డబ్బు ఇవ్వబోతే, "మా అమ్మ పైనుంచి చూస్తోందండీ, తంతుంది" అంటాడు.

రెండేళ్ళ కిందట అక్టోబరులో లామార్ తమ్ముడు డ్యూయీ గుండె ఆగి పోయాడు. అతని చేపల పడవ ట్రైలర్‌తో సహా లామార్ ఇంటి ముందుకి వచ్చింది. మా ఊళ్ళో పడవని ఇంటి ముందు పెట్టకూడదు. పక్కనో వెనకో కంచె చాటున ఉండాలి. లామార్ ఇంటికి పక్కన సందు లేదు. అందుకని నీలం పరదా కప్పి, విల్లడీన్ ముంగిటకి ఆనుకుని పెట్టాడు. సాయంత్రాలు పరదా కింద దూరి పడవలోనే కూర్చునేవాడు. ఒక్కోసారి మాటలు వినబడేవి.

నాకు నోటి దురద ఉంది, ఒప్పుకుంటాను. ఒకరోజు నవ్వుతూ, "ఏం లామార్, పడవ సముద్రానికి దారి తప్పిందా?" అన్నాను. అతను నవ్వలేదు. ఫిబ్రవరిలో పసుపురంగు నోటీసు వచ్చింది. ఎవరూ తలుపు తట్టి చెప్పలేదు కాబట్టి అది విల్లడీన్ కాదని వీధంతా అనుకుంది. ఇంకెవరు? నోరున్నది నాకే. నేను కాదు మొర్రో అన్నకొద్దీ గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది. లామార్ నాతో మాట మానేశాడు. నా గడ్డి యంత్రాన్ని పక్క ఊరికి మోసుకెళ్ళి బాగుచేయించుకునేదాన్ని.

మార్చి పదిహేనులోగా పడవ తియ్యాలి, తియ్యకపోతే రోజుకి యాభై డాలర్ల జరిమానా అని తీర్పు రాశారు. లామార్ గడువుకి ముందే దాన్ని బంధువు పొలానికి లాక్కెళ్ళి పెట్టొచ్చాడు. పీడ విరగడైంది అనుకున్నాడు. తీర్పు కింద ఇంకో వాక్యం ఉంది. సరిచేశాక ఆఫీసుకి ఫోన్ చేసి, ఇన్‌స్పెక్టర్‌ని రప్పించి చూపించుకోవాలి. అప్పటిదాకా జరిమానా ఆగదు. లామార్ ఆ వాక్యం చదవలేదు. తర్వాత వచ్చిన ఉత్తరాలు చదవడం మాట అటుంచి, అసలు విప్పలేదు. మునిసిపల్ ముద్ర కనబడగానే పానాల డ్రాయరులో పడేశాడు.

మరుసటి ఏడాది నవంబరులో ఇన్సూరెన్స్ కంపెనీ ఉత్తరం రాసింది. పైకప్పు పాతదైపోయింది, జనవరిలోగా మార్చకపోతే ఇంటికి ఇన్సూరెన్స్ ఉండదని. మా ఫ్లోరిడాలో ఏటా తుఫాన్లే. ఇన్సూరెన్స్ లేని ఇంటి మీద అప్పిచ్చిన బ్యాంకు ఊరుకోదు. పైకప్పుకి అప్పు కోసం వెళ్తే గోరుచుట్టు మీద రోకటి పోటులా అసలు సంగతి బయటపడింది. ఆరు వందల ఇరవై రోజులు, రోజుకి యాభై. ముప్ఫై ఒక్క వేల డాలర్లు ఇంటి మీద రాసి ఉన్నాయి. అవి తీరితే గాని అప్పు పుట్టదు.

ఆ రోజే పరుగెత్తి ఇన్‌స్పెక్టర్‌ని పిలిపించుకున్నాడు. ఆయన వచ్చి, ఖాళీ ముంగిలి చూసి, సరేనని సంతకం పెట్టి, జరిమానా ఆపి వెళ్ళాడు. ఆ సాయంత్రం లామార్ విల్లడీన్ వరండా మెట్ల మీద కూలబడి ఇదంతా చెప్పాడు. నేను నా వరండాలో బీన్స్ తుంచుతున్నాను. చెవులకి తలుపులుండవు కదా.

"తగ్గించమని అర్జీ ఇచ్చొచ్చానండీ, బుధవారం విచారణకి రమ్మన్నారు. కానీ పడవ ఏ రోజున తీశానో రుజువు కావాలంట. నేనేమన్నా ఫొటోలు తీసుకున్నానా? మా బాబాయి కొడుకు చెప్తానంటే, చుట్టం సాక్ష్యం చెల్లదన్నాడు ఇన్‌స్పెక్టర్. పావు వంతు అయినా కట్టమంటారంట. ఏడు వేల ఏడు వందల యాభై. నా దగ్గరెక్కడివండీ? ఇల్లు అమ్ముకుని మా చెల్లెలి ఊరు పోతాను." నా వైపు చూసి గొంతు పెంచాడు. "అంతా ఆ మహాతల్లి పుణ్యం."

నేను బీన్స్ గిన్నె ఠక్కున కింద పెట్టి లోపలికి పోయాను.

అతను వెళ్ళాక విల్లడీన్ నన్ను పిలిచింది. వెళ్ళేసరికి వాన పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"అమ్మాయ్, ఆ ఫిర్యాదు నాది."

నా నోరు ఊరుకోలేదు. "రెండేళ్ళండీ! రెండేళ్ళు నన్ను దొంగని చూసినట్టు చూశాడు. మీరు వరండాలో కూర్చుని శనక్కాయలు ఒలుచుకుంటున్నారు!"

"తిట్టు. తిట్టాల్సిందే." పుస్తకం నిమిరింది. "ఆ పడవ గొట్టానికి మరీ దగ్గరగా ఉంది. గాలి అటునుంచి కొడితే వానంతా పరదా మీదే పడేది. మూడు నెలల కొలత తప్పు. గొట్టం జరిపితే పంతొమ్మిదేళ్ళ లెక్క తెగిపోతుంది. పడవ పోయింది, నా గొడవ తీరింది అనుకున్నా. జరిమానా నడుస్తోందని నాకేం తెలుసు?"

"పడవ తీసేశాడని ఆఫీసుకి చెప్పొచ్చుగా మరి?"

"తప్పు చేశాడని చెప్పడానికి ఒక నంబరు పెట్టారు. సరిచేశాడని చెప్పడానికి ఏ నంబరూ పెట్టలేదు" అంది. నాకు కోపం చల్లారలేదు గాని, పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

తర్వాత పుస్తకం తెరిచి ఒక పేజీ చూపించింది. చూడగానే నాకు అర్థమైంది. లామార్ ఇల్లు నిలబెట్టే కాగితం అదే. పడవ ఎవరికి అడ్డమైందో కూడా అందులోనే ఉంది, అది బయటపెట్టాలంటే ఈవిడ కూడా బయటపడాలి.

"అతనికి తెలిసిపోతుందండీ" అన్నాను. "మళ్ళీ మీ గుమ్మం తొక్కడు."

"అతను తప్ప నా గుమ్మం తొక్కేదెవరు, నువ్వు తప్ప?" అని పుస్తకం మూసింది. "బుధవారం కారు తీస్తావా?"

బుధవారం మునిసిపల్ హాల్లో ముప్ఫై మంది దాకా ఉన్నారు. మేజిస్ట్రేట్ ఒక లాయరమ్మ, మెడలో కళ్ళద్దాల గొలుసు. ముందుగా ఈతకొలను ఆకుపచ్చగా మారిందని నోటీసు వచ్చిన ఒకాయన, కప్పలు తన తప్పు కాదని వాదించి సగం తగ్గించుకున్నాడు. తర్వాత లామార్‌ని పిలిచారు. చర్చికి వేసుకునే చొక్కా వేసుకొచ్చాడు. గోళ్ళలో గ్రీజు అలాగే ఉంది.

"పడవ తీశాక ఆఫీసుకి ఎందుకు ఫోన్ చెయ్యలేదు మిస్టర్ టీగ్?" అడిగింది మేజిస్ట్రేట్.

"అంత పడవ అక్కడ లేకపోతే, లేదని కనబడదామ్మా?"

హాలంతా నవ్వింది. ఇన్‌స్పెక్టర్ కూడా నవ్వి, మళ్ళీ మొహం సరిచేసుకున్నాడు. "నాలుగు వేల ఇళ్ళకి మేం ఇద్దరం అమ్మా. పిలవకపోతే తెలియదు. తీసిన తేదీకి రుజువు లేదు. మామూలు ప్రకారం పావు వంతు కట్టించమని మా సిఫారసు."

"ఇంకెవరైనా చెప్పేది ఉందా?"

విల్లడీన్ చేతికర్ర మీద భారం వేసి లేచింది. లామార్ వెనక్కి తిరిగి చూసి, తన కోసం వచ్చిందని చిన్నపిల్లాడిలా నవ్వాడు. నాకు అది చూడబుద్ధి కాలేదు.

ఆవిడ పుస్తకాన్నీ వాతావరణ కేంద్రం వాళ్ళ కాగితాన్నీ బల్ల మీద పెట్టింది. "కిందటేడాది మార్చి పదకొండు. వాన అంగుళంలో నూటికి నలభై రెండు వంతులు. కింద చదవండమ్మా."

మేజిస్ట్రేట్ పైకి చదివింది. "'తూర్పున అడ్డంగా ఉన్న పడవ ఈ ఉదయం తీసేశారు. ఇకనుంచి కొలత సరైనది.'"

"ఇది ఆ రోజు ఏడూ పదికి వాళ్ళకి చేరింది. తేదీ, గంట వాళ్ళు వేసినవే. నేను దిద్దడానికి లేదు. తర్వాత పేజీలు కూడా చూడండి, మళ్ళీ అడ్డం వచ్చినట్టు ఒక్క రోజు కూడా లేదు."

"మీరు ప్రతిరోజూ చూస్తారా?"

"వాన లేకపోయినా చూసి సున్నా రాస్తాను. సున్నా కూడా కొలతేనమ్మా."

"అక్కడ ఉన్న పడవ మిస్టర్ టీగ్‌దేనని మీకు ఖాయంగా తెలుసా?"

విల్లడీన్ లామార్ వైపు చూడలేదు. "తెలుసు. దాని మీద ఫిర్యాదు చేసింది నేనే."

లామార్ చేతిలో టోపీ ఉంది. దాన్ని చుట్టూ తిప్పుతూ నేల చూస్తున్నాడు.

మేజిస్ట్రేట్ కాగితం రెండోసారి చదివి, ఇన్‌స్పెక్టర్‌ని ఏమైనా అభ్యంతరమా అని అడిగింది. ఆయన లేదన్నాడు. పదిహేను గడువైతే పదకొండునే తీశాడు కాబట్టి జరిమానా నడవాల్సింది కాదంది. ముప్ఫై ఒక్క వేలూ కొట్టేసి, ఫైలు ఖర్చులు రెండు వందల పది కట్టమని, ఇంటి మీద రాసింది తీసెయ్యమని చెప్పింది. ఎవరో చప్పట్లు కొట్టబోతే చెయ్యెత్తి ఆపి, తర్వాతివాళ్ళని పిలిచింది.

బయట కార్ల దగ్గర లామార్ నా ముందుకి వచ్చాడు.

"అయితే నువ్వు కాదన్నమాట."

"కాదు."

"సరే" అన్నాడు. రెండేళ్ళకీ కలిపి నాకు దక్కిన క్షమాపణ అదే.

విల్లడీన్ మెట్లు దిగి వచ్చేదాకా అతను ఎండలో నిలబడ్డాడు. దగ్గరికి రాగానే అడిగాడు. కోపంగా కూడా కాదు.

"వీధిలో అందరికీ తలుపు తట్టి చెప్తారు కదండీ. మూడు రోజులిస్తారు. నాకే ఎందుకు చెప్పలేదు? అన్నేళ్ళ నుంచి ఉన్నానే మీ పక్కన. నేనేం పరాయివాణ్ణా?"

ఆవిడ చేతికర్ర కారుకి ఆనించింది. నేను కారు తలుపు తీసిపట్టుకుని, ఎక్కమనాలో వద్దో తెలియక నిలబడ్డాను.

"వచ్చాను నాయనా, రెండుసార్లు" అంది ఆవిడ. "రెండుసార్లూ నువ్వు పరదా కింద కూర్చుని డ్యూయీతో మాట్లాడుతున్నావు. పోయినసారి పట్టిన చేపల గురించి అడుగుతున్నావు. ఆ పడవ తియ్యమని నీ మొహం చూసి ఎలా చెప్పను? ఆఫీసు నంబరుకైతే మొహం ఉండదు."

లామార్ కళ్ళు తుడుచుకుంటే చెంప మీద నల్లటి చార పడింది.

"మీరు చెప్పుంటే, ఒక్క మాట అనకుండా ఆ రోజే తీసేసేవాణ్ణండీ."

"తెలుసు" అంది విల్లడీన్. "అందుకే చెప్పలేకపోయాను."

లామార్ తన ట్రక్కు ముందు సీటు మీద ఉన్న పానాలన్నీ తీసి వెనక పడేసి, ఆవిడ మోచెయ్యి పట్టుకుని ఎక్కించాడు. నేను ఖాళీ కారు నడుపుకుంటూ వాళ్ళ వెనకే ఇంటికి వచ్చాను.