నాలుగు వేళ్ళ జాగా

బెజవాడ ఐసు ఫ్యాక్టరీలో లాజరు పని డబ్బాల్లో నీళ్ళు పట్టడం. పట్టిన డబ్బాలను చల్లటి ఉప్పునీళ్ళ తొట్టిలోకి దించితే మర్నాటికి గడ్డకట్టేవి. ఏ డబ్బానూ అంచుదాకా నింపేవాడు కాదు, పైన నాలుగు వేళ్ళ జాగా వదిలేవాడు. నీళ్ళ బుద్ధే అంత. చల్లబడేకొద్దీ ముడుచుకుంటూ వచ్చి, తీరా గడ్డకట్టే వేళకు ఉబ్బుతాయి. జాగా లేకపోతే ఇనప డబ్బానైనా చీల్చేస్తాయి. యుద్ధం రోజుల్లో చేరిన కొత్తవాళ్ళు ఈ మాట చెవిన పెట్టక డబ్బాలు పగలగొడితే, లాజరు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టేవాడు.

ఏళ్ళ తరబడి ఆ చల్లటి నీళ్ళలో నానీ నానీ అతని వేళ్ళకు స్పర్శ పోయింది. అందుకే జ్వరపడ్డ భార్య సంపూర్ణమ్మ నుదుటి మీద పొద్దుటినుంచీ చెయ్యేసి కూర్చున్నా, ఒళ్ళు చల్లబడిన సంగతి పక్కింటి తెరేసమ్మ వచ్చి చెప్పేదాకా అతనికి తెలియలేదు. తెలిశాక కూడా ఏడవలేదు. చెయ్యి మాత్రం తీసేశాడు.

శవపేటిక చెయ్యడానికి వడ్రంగి వీరభద్రయ్య వచ్చి తాడుతో కొలత తీసుకున్నాడు.

"తలకాడ నాలుగు వేళ్ళు జాగా వదలండి," అన్నాడు లాజరు.

"ఎందుకయ్యా? కొలత సరిగ్గానే తీశాగా."

"ఇప్పుడు సరిపోద్దండి. బాగా చల్లబడ్డాక చాలదు. పెట్టె పగిలిద్ది."

వీరభద్రయ్య అతని మొహంలోకి చూశాడు. తాడు నాలుగు వేళ్ళు పొడుగు వదిలి, అక్కడ ముడి వేశాడు.