కల్దార్ల తూకం

మా నాయనమ్మ సత్తమ్మకు దేవుడు మోకాళ్లలో తగ్గించిన బలమంతా పగలో పెట్టాడు.

నాచారంలో ఫ్యాక్టరీ ఊడ్చే రోజుల్లో, 2004లో, తాత దవాఖానాలో పడ్డాడు. ఆమె ఉప్పల్‌కు పోయి తన వెండి కడియాలు చిదంబరం సేటుకు అమ్మింది. పుట్టింటివాళ్లు నలభై కల్దార్లు, అంటే తెల్లదొరల కాలపు వెండి రూపాయలు, కరిగించి చేయించిన కడియాలవి. కల్దారు ఒక్కటి సరిగ్గా తులం.

"నలభై తులాలు సేటు. తూకమేసి సూడు."

"నీ మాట కన్న తూకం ఎక్కువనా అమ్మా?"

తూచకుండానే నలభై తులాల పైసలిచ్చాడు. ఆ మర్యాదను సత్తమ్మ అయిదేళ్లు వాడంతా చెప్పుకుంది.

2009లో మా చెల్లె దుర్గాభవానికి అక్కడే పది తులాల పట్టీలు కొన్నది. ఇంటికొచ్చి, ఊరికే ఉండలేక, కూరగాయల తరాజులో ఒక పక్క పట్టీలు, ఇంకో పక్క కరిగించకుండా దాచుకున్న పది కల్దార్లు వేసింది. పట్టీలు పైకి లేచాయి.

"ఇప్పుడు దుకాణంల తులమంటే పది గ్రాములే నాయనమ్మా. నీ కల్దారు పదకొండున్నర దాటుతది," అంది దుర్గాభవాని.

"అయితే నా కడియాలల్ల వాడు ఎంత మింగిండు?"

"అరవై ఆరు గ్రాములు. ఆరున్నర తులాలు."

సత్తమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. ఉన్న నాలుగు పళ్లూ కొరకడంలో మునిగి ఉన్నాయి మరి.

అక్షయ తృతీయ దాకా ఆగింది. ఆ రోజు దుకాణం కిటకిటలాడుతుండగా తరాజు చంకన పెట్టుకుని దిగింది.

"సేటు, ఇవి పది కల్దార్లు. ఎన్ని తులాలు?"

"పది తులాలే అమ్మా. తూచుడెందుకు?"

"గివి నువ్వమ్మిన పట్టీలు. ఇవీ పదేనాయె. జర ఎత్తి సూపియ్యి."

చిదంబరం ఎత్తలేదు. ఆమే ఎత్తింది. కల్దార్లు కిందికి దిగాయి.

"కొనేటప్పుడు ఒక తులం, అమ్మేటప్పుడు ఇంకో తులమా బిడ్డా? నా కడియాలల్ల మింగిన ఆరున్నర తులాలు తియ్యి."

బేరమాడుతున్న ఆడవాళ్లంతా ఆగిపోయారు. పాత వెండి మార్చడానికి వచ్చిన ఒకావిడ తన గిన్నెలు మెల్లగా సంచిలో వేసుకుంది. చిదంబరం ఆరున్నర తులాల వెండి తూచి, నవ్వుతూ చేతిలో పెట్టాడు. సత్తమ్మ దాన్ని కొంగున కట్టుకుంది. నవ్వలేదు.

మరునాటి నుంచి ఎదుటి అరుగు మీద తరాజు, కల్దార్లతో కూర్చుంది. వెండి అమ్మడానికి వచ్చిన ప్రతివాళ్లకూ ఉత్తగానే తూచి పంపింది. ఏడాది తిరిగేసరికి చిదంబరం దుకాణం ఎత్తేసి మల్కాజిగిరికి పోయాడు.

ఇక ఇంటి పట్టున ఉంటుందనుకున్నాం. తరాజుకు కొత్త తాళ్లు కడుతూ అడిగింది:

"మల్కాజిగిరికి ఏ నంబరు బస్సు బిడ్డా?"