దేవదారు పొట్టు మీద నల్లపెట్ట

రెజిమెంటల్ బజార్‌లో ఎలీసబెతమ్మ తెలియనివాళ్లు తక్కువ. మిషన్ బడిలో ఆయాగా చేరి, తండ్రుల ముక్కులూ, ఆ తర్వాత వాళ్ల పిల్లల ముక్కులూ తుడిచిన మనిషి. మొగుడు పోయాక ఆవిడకు పెరట్లో మిగిలింది ఒక్క నల్లపెట్ట. మనుషులతో కన్నా దానితోనే ఎక్కువ మాట్లాడేది. "దానికి ఎదురు చెప్పే రోగం లేదు" అనేది.

ఆ ఏడు చర్చిలో దేవదారు చెక్కతో కొత్త ప్రసంగ వేదిక చేయిస్తున్నారు. వడ్రంగి బ్రహ్మచారి చిత్రిక పడుతుంటే పొట్టు చుట్టలు చుట్టలుగా రాలేది, వాసన గేటు దాకా కొట్టేది. ఆ పొట్టుతో టీ కాచుకుంటానన్నాడాయన. ఎలీసబెతమ్మ ప్రాణం ఉసూరుమంది. సొలొమోను రాజు దేవుని మందిరానికి వాడిన మాను, పొయ్యిలో పెడతారా ఎవరైనా? సంచిలో కుక్కి ఇంటికి మోసుకొచ్చి, గూట్లో ఊక తీసేసి, నల్లపెట్టకు మెత్తగా పరిచింది.

"ఈ చెక్కకు పురుగు పుట్ర రాదమ్మా" అని బ్రహ్మచారి కూడా అన్నాడు. ఇంకేం కావాలి!

నాలుగు రోజులు తిరక్కుండానే పెట్ట తుమ్మడం మొదలుపెట్టింది. కళ్లలో నీళ్లు, గొంతులో గురగుర. మేత ముట్టదు. ఎలీసబెతమ్మ కనిపించినవాళ్లనల్లా పిలిచి చూపించింది.

ఊక అమ్మే జంగయ్య గూట్లోకి తల పెట్టి, వెంటనే బయటికి తీశాడు. "ఏందమ్మా, కోడిని అత్తరు దుకాణంల పండవెట్టినవా? గీ ఘాటుకే ఊపిరాడతలేదు దానికి."

"దేవుని మందిరం వాసనకు కోడి చస్తదా జంగయ్యా? జెర మంచి మాట మాట్లాడు."

బ్రహ్మచారిని అడిగితే, "మా ఇంట్ల కోళ్లకు చెక్కపొట్టే వేస్తం, ఏం కాలే" అన్నాడు. ఏ చెక్క అంటే, "ఏదో చెక్క" అన్నాడు. పశువుల డాక్టరేమో చుక్కల మందిచ్చి, "దేవదారు ఘాటు కోళ్ల ఊపిరితిత్తులకు మంచిది కాదమ్మా, తీసెయ్యండి. అయితే ఇది చలికి వచ్చిన జలుబు కూడా కావచ్చు" అన్నాడు. తలా ఒక మాట! ఎవరిని నమ్మాలి?

ఆ సాయంత్రం ఎలీసబెతమ్మ అన్నీ చేసేసింది. పొట్టు ఎత్తి సంచిలో కట్టింది, ఊక పరిచింది, చుక్కలు వేసింది. ఆఖర్న మోకరించి, "ప్రభువా, ఇది బతికితే కోత పండుగకు నీకే ఇస్తా" అని మొక్కుకుంది.

పెట్ట బతికింది. అసలు తంటా అప్పుడే వచ్చిపడింది.

ప్రార్థన బతికించి ఉంటే పెట్ట దేవునిది. కోత పండుగకు ఇచ్చినవన్నీ చర్చిలో వేలం వేస్తారు, వేలంలో పోయిన కోడి కూరలోకే పోతుంది. ఊకో, చుక్కల మందో బతికించి ఉంటే మాత్రం పెట్ట తనది. ఏది బతికించింది? పాస్టరు ప్రభుదాస్ అయ్యగారిని అడిగితే, "ఊక కూడా దేవుడిచ్చిందే కదమ్మా" అన్నారు. ఉన్న మతి కాస్తా పోయింది.

తేల్చుకోవడానికి దారి ఒక్కటే, పొట్టు మళ్లీ పరిచి చూడడం. ఒకరోజు సంచి విప్పింది కూడా. పెట్ట నింపాదిగా వచ్చి ఆవిడ గాజులు పొడవసాగింది. "నేను తెలుసుకోనీకి నువ్వు చావాల్నా?" అంటూ కళ్లు తుడుచుకుని సంచి మూతి బిగించింది.

ఉందో లేదో తెలియని బాకీ అయినా ఎగ్గొట్టడానికి మాత్రం మనసొప్పలేదు. కోత పండుగ నాడు పెట్టను చంకలో పెట్టుకుని చర్చికి వెళ్లి, సంఘపెద్ద యెషయా చేతికిచ్చింది. యెషయా దాన్ని పైకెత్తి వేలం పాట మొదలుపెట్టాడు. వెనక బెంచీలో ఎవరో, "బలంగున్నది, పులుసు మంచిగైతది" అంటూ చెయ్యెత్తారు. అంతకన్నా పైకి ఇంకో చెయ్యి లేచింది.

"అమ్మా, ఇచ్చింది నువ్వే, పాడేది సుత నువ్వేనా?" యెషయా తెల్లబోయాడు.

"ఇచ్చింది దేవునికి, కొనేది నాకు" అంది ఎలీసబెతమ్మ. "జల్ది కానియ్యి యెషయా, పెట్ట బెదురుతున్నది."