సున్నా అని రాసిన ఏడు వారాలు

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది మార్చిలో నన్ను కేన్సర్ వార్డు నుంచి కీమో డే కేర్‌కు సిస్టర్ ఇన్‌చార్జ్‌గా మార్చారు. దక్షిణ ఢిల్లీలో ఒక పెద్ద ఆసుపత్రి; పేరుతో పని లేదు. డే కేర్ అంటే రోగి పొద్దున్నే వచ్చి, మందు ఎక్కించుకుని, సాయంత్రానికి ఇంటికి వెళ్ళిపోయే చోటు. పన్నెండు వాలు కుర్చీలు, కుర్చీకో పంపు, ఉత్తరం వైపు పొడుగాటి కిటికీ, దాని అవతల ఒక బూరుగు చెట్టు.

ఆ గదికి ఒక మత్తు ఉండేది. రొమ్ము కేన్సర్‌కి వారం వారం ఇచ్చే మందు కొందరికి పడదు. అందుకని అరగంట ముందు ఎలర్జీ రాకుండా ఒక ఇంజెక్షన్ ఇస్తాం. దానితో నిద్ర ముంచుకొస్తుంది. పదకొండయ్యేసరికి గదంతా సగం నిద్రలో తేలుతుండేది. ఒకరు పంజాబీలో అమ్మని పిలిచేవారు, ఇంకొకరు భోజ్‌పురిలో ఎవరితోనో బేరమాడేవారు. ఏప్రిల్ చివర్లో కాయలు పగిలి, బూరుగు దూది అద్దాల ముందు నుంచి తీరిగ్గా తేలిపోయేది. నేను కోపిష్ఠిదాన్నని వార్డులో పేరు. ఆ రెండు మూడు గంటలు మాత్రం నా గొంతు కూడా తగ్గిపోయేది.

ఆ మార్చిలోనే సుగుణ గారు వచ్చారు. కేంద్ర ప్రభుత్వంలో స్టెనోగ్రాఫర్, ఉండేది ఆర్.కె. పురం క్వార్టర్సులో, సొంతూరు కాకినాడ. రొమ్ము కేన్సర్‌కి ముందుగా ఇచ్చే, మేం ఎర్రమందు అని పిలిచే కీమో నాలుగు డోసులు అప్పటికే అయిపోయాయి. జుట్టు దానితోనే పోయింది. ఇక వారానికొకటి చొప్పున పన్నెండు డోసులు మిగిలాయి. నాది రామచంద్రపురమని తెలిసిన నిమిషంలో ఆవిడ ముఖం విప్పారింది.

“మా వైపు వారేనాండీ? అయితే నాకింక బెంగ లేదండి,” అన్నారు.

నాకూ సంబరంగానే అనిపించింది. నీళ్ళు కూడా ఇనుము వాసన వేస్తున్నాయంటే, స్టీలు చెంచా మాని చెక్కది వాడమన్నాను. నోటిపూతకి ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్ళు పుక్కిలించమన్నాను. మజ్జిగన్నం మెత్తగా పిసికి, చల్లగా తినమన్నాను. ఆవకాయ తినలేక జాడీ మూత తీసి వాసన చూసి పెట్టేస్తున్నానని ఆవిడ చెబితే, వాసనకి డాక్టరు పర్మిషన్ అక్కర్లేదన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఇక్కడ పద్ధతి గురించి కొంచెం చెప్పాలి. ప్రతి డోసుకి ముందు నర్సు ఒక పత్రం నింపాలి. వాంతులు, నోటిపూత, విరేచనాలు, జ్వరం, వేళ్ళ తిమ్మిరి – ఒక్కొక్కటీ విడిగా అడిగి, తీవ్రతని బట్టి సున్నా నుంచి నాలుగు వరకు అంకె వేయాలి. రెండు దాటితే మందు కలపకముందే డాక్టరుకి ఫోన్ చేయాలి. హిందీవాళ్ళ దగ్గర నేను పొల్లుపోకుండా అలాగే చేసేదాన్ని. సుగుణ గారి దగ్గర “ఎలా ఉన్నారండి?” అనేదాన్ని. “బాగానే ఉన్నానండి,” అనేవారు. కబుర్లలో దొర్లిన నోటిపూతకి ఒక అంకె వేసి, మిగతా గళ్ళన్నిటిలో సున్నాలు చుట్టేదాన్ని. మన వైపు ఆ ప్రశ్నకి ఆ జవాబు తప్ప ఇంకోటి రాదని నాకు తెలియక కాదు.

నిద్రలోకి జారుకునే ముందు ఆవిడ కుడి బొటనవేలు తక్కిన వేళ్ళ కొసల్ని ఒక్కొక్కటిగా తాకి వచ్చేది. తర్వాత ఎడమ చేయి. నిద్రలో కూడా డిక్టేషన్ తీసుకుంటున్నారని నేను ముచ్చటపడి, ఇంకో సిస్టర్‌ని పిలిచి చూపించాను కూడా. ఏడు వారాలు అలా గడిచాయి.

ఎనిమిదో వారం నర్సింగ్ సూపరింటెండెంట్ మీటింగుకి వెళ్ళాను. ఆ రోజు పత్రం నింపింది పూనమ్. రోహ్‌తక్ అమ్మాయి, ఎనిమిదేళ్ళ సర్వీసు. ప్రశ్నలు వరసగా చదివి, తిమ్మిరి దగ్గర ఆగి, “దీదీ, కుర్తా గుండీలు మీరే పెట్టుకుంటున్నారా?” అని హిందీలో అడిగిందట. లేదన్నారు సుగుణ గారు. మూడు వారాలుగా భర్త పెడుతున్నారట. వేడి పెనం పట్టుకుంటే, చర్మం కాలిన వాసన వచ్చాక గానీ తెలియలేదట. పూనమ్ ఆ బొబ్బలు చూసి మూడు వేసింది. డాక్టరు డోసు ఆపేశారు.

తిరిగి వచ్చాక ముందు పూనమ్ మీదే విసుక్కున్నాను, నేనొచ్చేదాకా ఆగలేకపోయావా అని. అంతలో డాక్టరు పాత పత్రాలు నా ముందు పరిచారు. “పోయిన వారం సున్నా, ఈ వారం మూడా, సిస్టర్?” అన్నారు. ఏడు పత్రాల మీదా ఉన్నది నా చేతిరాతే.

సుగుణ గారి కుర్చీ దగ్గరికి వెళ్ళాను. ఇంజెక్షన్ ఇంకా ఇవ్వలేదు కాబట్టి ఆవిడ పూర్తి మెలకువలో ఉన్నారు. నాకెందుకు చెప్పలేదని అడిగాను.

“చెబితే డోసు తగ్గించేస్తారు కదండీ. తగ్గిస్తే మళ్ళీ వస్తుందేమోనని భయమండి.”

“మరి పూనమ్‌కి చెప్పారుగా?”

“ఆవిడ అడిగిందండి. హిందీలో అడిగితే ఆఫీసులో అడిగినట్టుంటుంది, ఉన్నదున్నట్టు చెప్పేస్తాం. మీరడిగితే చుట్టం అడిగినట్టుంటుందండి. చుట్టానికి బాగానే ఉన్నామనే కదా చెబుతాం.”

నేను డిక్టేషన్ అనుకున్నదాని సంగతి కూడా అప్పుడే చెప్పారు. “ఏ వేలికి స్పర్శ ఉందో, దేనికి పోయిందో చూసుకునేదాన్నండి. పెన్సిలు పట్టు దొరక్కపోతే నా ఉద్యోగం ఏం గానండీ?”

నాకు సిగ్గేసింది. ముప్పై ఏళ్ళ సర్వీసులో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

అవసరమైతే డోసు తగ్గించడం కూడా చికిత్సలో భాగమేనని డాక్టరు ఆవిడకు ఓపిగ్గా వివరించారు. మొదటి రోజే ఆ మాట నేను చెప్పి ఉండాల్సింది. రెండు వారాలు విరామమిచ్చి, మందు తగ్గించి మళ్ళీ మొదలుపెట్టారు. చివరి డోసు మానేశారు. నా మీద నేనే రిపోర్టు రాసి ఇచ్చాను. లిఖితపూర్వకంగా మందలించారు. న్యాయమే. తర్వాత పత్రం కింద గుండీల ప్రశ్న చేర్పించాను. నర్సుదీ రోగిదీ ఒకే భాష అయితే పత్రం ఇంకో నర్సు నింపాలని వార్డులో నియమం పెట్టాను. మలయాళీ సిస్టర్లు కొన్నాళ్ళు గునిసి, తర్వాత అలవాటు పడ్డారు.

నేను రిటైరైన వారంలో సుగుణ గారు చెకప్‌కి వచ్చారు. రింగుల జుట్టు వచ్చింది. అలవాటు ఎక్కడికి పోతుంది, “ఎలా ఉన్నారండి?” అనేశాను.

“బాగానే ఉన్నానండి.”

“ఏ వేళ్ళు?” అన్నాను.

ఆవిడ నవ్వి, ఎడమ చేయి చాపారు. “చివరి రెండూ తిరిగి రాలేదండి. పెన్సిలు కుడి చేత్తోనే కాబట్టి పని జరిగిపోతోంది.”

ముందే తెలిసి ఉంటే ఆ రెండూ దక్కేవో లేదో చెప్పలేనన్నారు డాక్టరు. నేర్చుకున్నది మాత్రం చెప్పగలను. ఆసుపత్రిలో మనవాళ్ళని పలకరించడం వేరు, అడగడం వేరు. ఏడు వారాలు నేను పలకరించాను.