బోణీ బేరంలో కొన్న మాస్కు

పద్నాలుగు వందలు చెప్పిన డైవింగ్ మాస్కును ఆరు వందల యాభైకి తెచ్చినవాణ్ణి నేను. హబ్సిగూడలో ఆటసామాన్ల దుకాణం షట్టరు సగం లేచేసరికే వెళ్లి ముందు నిలబడ్డాను. మాది ఉప్పల్‌లో కిరాణా కొట్టు. ప్రార్థన చేసుకుని గల్లా తెరిచే ఇల్లే అయినా, మా నాన్న బోణీ పట్టింపు మాత్రం వదల్లేదు. మొదటి గిరాకీని ఉత్త చేతులతో పంపడానికి ఏ దుకాణదారుడికైనా ప్రాణం ఒప్పదు. అది తెలిసే నేను ఏది కొన్నా పొద్దున్నే కొంటాను. రెండు వేల రెండు వందల మెత్తటి సిలికాన్ మాస్కు పక్కనే వేలాడుతోంది. నేను తీసుకున్నది గట్టి ప్లాస్టిక్ అంచుది, అక్క ముఖానికి సరిగా అతకదని అనుమానం ఉండగానే తీసుకున్నాను. సగానికి సగం తగ్గించాక ఇక అనుమానాలెందుకు?

అక్కకు ఎడమ కన్ను చిన్నప్పుడే పోయింది. కుడి కంట్లో నల్లగుడ్డు మీది పొరను ఆపరేషన్ చేసి మార్చారు. చూపంతా ఇప్పుడు ఆ ఒక్క కన్నే. తొట్టి నీళ్లు గానీ చెరువు నీళ్లు గానీ అందులో పడకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అక్కకేమో బాప్తిస్మం కావాలి. చెంగిచెర్లలో మా సంఘంవాళ్లు సిమెంటు తొట్టిలో ముంచి ఇస్తారు. కంటి మూలంగా అది ఏళ్లుగా వాయిదా పడుతూనే ఉంది.

మాస్కు కొనకముందు పాస్టరుగారి దగ్గరికి వెళ్లాను. తల మీద నీళ్లు పోస్తే సరిపోదా అని అడిగాను. ఆయన, ఆమె స్థితికి అలాగే ఇద్దాం అన్నారు. గెలిచినవాడిలా ఇంటికొచ్చి చెప్పాను. అక్క చిక్కుడుకాయలు తుంచుతోంది. తల ఎత్తలేదు.

"దేవునితోటి గూడ బేరం జేసొచ్చినవా?"

"ఆయనే తగ్గించిండక్కా. నేను జర అడిగిన, గంతే."

"నాకు తగ్గింపు ఒద్దు తమ్మీ. అందరు ఎట్ల మునిగిన్రో నేను గట్లనే మునుగుత."

ఇక మిగిలింది డాక్టరమ్మ. ఈతగాళ్ల కళ్లద్దాలు కంటి గూడు మీద ఒత్తుతాయి, వద్దే వద్దంది. కంటికి ఏదీ తగలని పెద్ద మాస్కయితే, ఒక్క క్షణమైతే, అదే రోజు వచ్చి చూపించుకుంటే అని, ఇష్టం లేకుండానే ఒప్పుకుంది.

మాస్కు పెట్టి చూశాం. కన్ను లేని వైపు ముఖం లోపలికి పోయింది, అక్కడ అంచుకూ చర్మానికీ మధ్య నా వేలు దూరింది. స్పాంజి పట్టీ అతికించాను. అక్క తలను ఎడమకు వంచి, నీళ్లు దిగినా మంచి కంటివైపు పోకుండా పట్టుకుని, చెంబుతో పోశాను. స్పాంజి నీళ్లు తాగి లోపలికి వదిలింది. మార్చుకొద్దామని దుకాణానికి పరిగెత్తాను.

"బోణీ మాల్ వాపస్ దీస్కోనన్నా. దుకాణపోళ్ల ఇంట్ల పుట్టిన అంటివి, నీకు తెల్వదా?" అన్నాడతను.

తెలుసు. ఇదే మాట గల్లా దగ్గర కూర్చుని నేనూ ఎందరికో చెప్పాను.

అక్కను పడుకోబెట్టి, ఎడమ గుంటలో నూనె రాసి, చపాతీ పిండి ముద్ద ఒత్తాను. ఆమె ఊపిరి బిగబట్టింది. కన్ను పోయినప్పటి నుంచి ఆ చోటును ఎవరినీ ముట్టనివ్వలేదు. పిండిలో పడిన అచ్చులో ప్లాస్టర్ పోసి ఆరబెట్టాను. నాచారంలో సందులు పూడ్చే సిలికాన్ ట్యూబు కొని, మాస్కు అంచుకు మందంగా రాసి, ప్లాస్టర్ మీద పలచని కవరు పరిచి ఒత్తిపెట్టాను. తొందరపడి తీస్తే మొదటి పూత చిరిగిపోయింది. రెండోదాన్ని, ఆరేటప్పుడు సిలికాన్‌కు వచ్చే పుల్లటి వాసన పూర్తిగా పోయేదాకా ముట్టలేదు. ఈసారి చెంబు నీళ్లు ఆగాయి.

ఆదివారం తొట్టిని కడిగి మంచినీళ్లు నింపారు. తెల్లచీర, మాస్కుతో అక్క దిగుతుంటే పిల్లలెవరో నవ్వారు. ఆమె వినిపించుకోలేదు. పాస్టరుగారు వీపు కింద చేయి వేసి వెనక్కి ముంచారు. ఆమె ముఖం మీదుగా నీళ్లు కలిసిపోయాయి. నేను ప్రార్థన మరిచిపోయి మాస్కు అంచునే చూస్తున్నాను.

లేచింది. మాస్కులో ఎడమవైపు చెంచాడు నీళ్లున్నాయి.

తలను అటే వంచి పట్టుకుని తీసి తుడిచాను. ఆటోలో దవాఖానా దాకా అక్క కన్ను తెరవలేదు. డాక్టరమ్మ లైటు పెట్టి చాలాసేపు చూసింది. పొర బాగానే ఉందంది.

లెక్క ఇది. మాస్కు ఆరు వందల యాభై. స్పాంజి తొంభై. సిలికాన్ ట్యూబులు రెండు, ఐదు వందల అరవై. ప్లాస్టర్ అరవై. మొత్తం పదమూడు వందల అరవై. ఆటో, డాక్టరు ఫీజు ఎలాగూ తప్పేవి కావు, వాటిని కలపను. మెత్తటి మాస్కు కొనకపోవడం వల్ల నాకు మిగిలింది ఎనిమిది వందల నలభై రూపాయలు. దానికి నేను తాకట్టు పెట్టింది అక్కకున్న ఒక్క కన్ను.