హాంబర్గ్‌లో నాన్న అస్థికల కోసం ఒక శుక్రవారం

అమ్మ ఉన్నన్నాళ్ళూ ఈ ప్రయాణం గురించి రాయలేకపోయాను. ఆమెకు చదువు రాదు, నిజమే. కానీ చదివి వినిపించేవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు కదా. ఆమె పోయి మొన్నటికి ఆరేళ్ళు. హాంబర్గ్ వెళ్తున్నాం, ఏం చూడాలి అని నన్ను అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నాకు తెలిసిన హాంబర్గ్ ఒక్క రోజుది, తొంభై తొమ్మిది మార్చిలో ఒక శుక్రవారం. మిగతా రెండు వారాలూ ఒక ఆఫీసు గదిలో, రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న భయంతో, ఆ తేదీలు సరిచేస్తూ గడిచిపోయాయి. కాబట్టి ఆ ఒక్క రోజే చెబుతాను, దారులూ ఖర్చులతో సహా.

మాది పుప్పాలగూడ. మా నాన్న యాదయ్య సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పనిచేసేవాడు. నాకు రెండేళ్ళప్పుడు, కొత్త మిషన్ల పని నేర్చుకోవడానికి ఆయన్ని ఆరు నెలలకని హాంబర్గ్ పంపారు. నాలుగో నెలలో నిమోనియా వచ్చి అక్కడే పోయాడు. ముప్ఫై ఒక్కేళ్ళు. ఆ రోజుల్లో శవాన్ని తెప్పించుకోవడం మాలాంటివాళ్ళ ఊహకు కూడా అందదు. హిందువని తోటి పనివాళ్ళు దహనం చేయించారు. కానీ ఆ దేశంలో బూడిదను కూడా అంత తేలిగ్గా చేతికివ్వరు, కలశంలో పెట్టి శ్మశానంలోనే పాతాలి. ఆ చోటు కూడా శాశ్వతం కాదు, ఇన్నేళ్ళకని తీసుకోవాలి. అక్కడి ఫ్యాక్టరీవాళ్ళు ఇరవై అయిదేళ్ళకు తీసుకుని, పేరు చెక్కించి ఒక రాయి పెట్టారు. అమ్మకు అందింది ఆ రాయి ఫోటో, ఆ తరువాత కొన్నేళ్ళపాటు కొత్త సంవత్సరానికి ఒక గ్రీటింగు కార్డు. "కాలవెట్టిన్రు సరే, నీళ్ళల్ల కలపకపోతే ఆయనకు దారేడిది బిడ్డా?" అని అమ్మ ఏ అమావాస్యకో అనేది. అన్నాక ఇక ఆ పూట అన్నం తినేది కాదు.

నాకు హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చేనాటికి అక్కడ కొత్త అద్దాల భవనం ఒకటి, చుట్టూ బండరాళ్ళు, సీతాఫలం పొదలు. కొండాపూర్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో అమ్మా నేనూ ఉండేవాళ్ళం. కంపెనీ నన్ను హాంబర్గ్ పంపుతోందని చెప్పిన సాయంత్రం అమ్మ పొయ్యి మీది గిన్నె దించి చేతులు కడుక్కుంది. తరువాత దేవుడి గూట్లో నాన్న ఫోటో వెనక నుంచి కార్డుల కట్ట తీసి ఇచ్చింది. అన్నిటికీ పసుపు, కుంకుమ. అన్నిటికంటే పైన, ముద్ర ఉన్న ఒక పెద్ద కవరు. "గిది నిరుడొచ్చింది. ఇన్నేండ్లకు మల్ల యాది చేసుకున్నరు" అంది మురిపెంగా.

మా టీమ్ లీడర్ సుబ్రహ్మణ్యంగారిది కాకినాడ. జర్మన్ తరగతులకు వెళ్ళి, వచ్చీరాని ఆ భాషలో క్యాంటీన్‌లో ఇడ్లీలు ఆర్డరు చేస్తూ అందరినీ నవ్వించే మనిషి. కవరు ఆయనకిచ్చాను. చదువుతూ చదువుతూ నవ్వు ఆపేశారు.

"సునీతగారూ, ఇది ఎప్పుడొచ్చిందండీ?"

"పోయినేడాది సంక్రాంతి దాటాక."

"ఇది గ్రీటింగ్ కాదండి. శ్మశానంవాళ్ళ నోటీసు. ఆగస్టుతో గడువు అయిపోతుంది, ఇంకా ఉంచాలంటే మూడు నెలల్లో జవాబు రాయండి, రాయకపోతే రాయి తీసేస్తాం అంటున్నారు."

పద్నాలుగు నెలలు. అమ్మకు చదువు రాదు, ఆమెను ఏమనను? డిగ్రీ చేసి, రోజూ కంప్యూటరు ముందు కూర్చునే నేను ఆ కవరుకు ప్రతి ఉదయం అగరుబత్తి తిప్పి ఆఫీసుకు వెళ్ళాను. ఒక్కనాడైనా విప్పి చూడాలనిపించలేదు. ఆ సంగతి అమ్మకు చెప్పలేదు. ఏమో, ఇంకా తీసి ఉండకపోవచ్చని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. రాయబార కార్యాలయం కాగితం ఉంటే కలశం మన చేతికిస్తారని కనుక్కుని, సుబ్రహ్మణ్యంగారు పదిచోట్లకు ఫోన్లు చేసి ఆ కాగితం తెప్పించారు. అమ్మ ఒక రాగి చెంబు, దాని మూతికి కట్టడానికి ఎర్రగుడ్డ ఇచ్చింది. "పైలం. సంకల వెట్టుకొని తే, సామాన్లల్ల ఎయ్యకు" అంది.

బేగంపేట నుంచి బొంబాయి, అక్కడి నుంచి ఫ్రాంక్‌ఫర్ట్, ఆపైన నాలుగు గంటల రైలు. ఆ శుక్రవారం నేనూ, నాతోపాటు అదే పని మీద వచ్చిన సుబ్రహ్మణ్యంగారూ సెలవు పెట్టాం. శ్మశానం ఆఫీసువాళ్ళు ఫోన్లో వివరాలేవీ చెప్పలేదు, వచ్చి రిజిస్టరు చూడమని పన్నెండు గంటలకు సమయం ఇచ్చారు. హోటల్లో కూర్చోలేక పొద్దున్నే ఆయన్ని వెంటబెట్టుకుని బయటపడ్డాను. స్టేషన్ దగ్గర రోజంతా తిరిగే టికెట్ తొమ్మిదో పదో మార్కులు. అప్పట్లో మార్కు మన ఇరవైమూడు, ఇరవైనాలుగు రూపాయలు, ఇప్పుడు అంతా యూరోలే. ఆ ఊళ్ళో పొద్దునైనా సాయంత్రమైనా ఎదురుపడిన మనిషిని "మోయిన్" అని పలకరిస్తారు. మీరూ అదే అనండి, మొహం విప్పారుతుంది. దాల్చినచెక్క చల్లి నొక్కిన రొట్టె ఒకటి అక్కడి ప్రత్యేకత, ఫ్రాంజ్‌బ్రోట్‌షెన్ అంటారు. కాఫీతో వేడివేడిగా బాగుంటుందట. నేను సగం తిని సంచిలో పెట్టుకున్నాను.

పదింటికి సెయింట్ మైకేల్ చర్చి దగ్గర ఉండేలా వెళ్ళండి. ఊరివాళ్ళు దాన్ని ముద్దుగా మిషెల్ అంటారు. కొన్ని వందల ఏళ్ళుగా రోజూ ఆ గోపురం మీద ఒక మనిషి ట్రంపెట్ ఊదుతాడు. ఒక్కో కిటికీ దగ్గరికీ వెళ్ళి నాలుగు దిక్కులకూ విడివిడిగా ఊదుతాడు. పైకెళ్ళడానికి లిఫ్టు ఉంది, నాలుగైదు మార్కులు. నేను కిందే నిలబడ్డాను. మొదటి దిక్కుకు స్పష్టంగా వినబడింది, అవతలి వైపుకు తిరిగినప్పుడు గాలిలో కొట్టుకుపోయింది. పక్కన కుక్కను పట్టుకుని నిలబడ్డ ముసలమ్మను, ఎందుకిలా అని సుబ్రహ్మణ్యంగారు అడిగారు. ఆమె చెప్పింది ఆయన నాకు చెప్పారు: "ఏ వైపు ఇంటివాళ్ళూ మమ్మల్ని మరిచారు అనుకోకూడదు కదా, అంటున్నారండీ." నాకు అక్కడే ఏడుపొచ్చింది. సుబ్రహ్మణ్యంగారు గోపురం గడియారం వైపు తిరిగి, అది ఎంత పెద్దదో లెక్కలు కడుతూ నిలబడ్డారు.

అక్కడి నుంచి రేవు వైపు నడిస్తే కాలవల మీద ఎర్ర ఇటుక గోదాములు వరుసగా కనిపిస్తాయి. కాఫీ, మిరియాలు, తివాచీలు అక్కడే దింపేవారట. అరగంట నడక, ఖర్చు లేదు. యుద్ధంలో కాలి మిగిలిన సెయింట్ నికోలస్ చర్చి శిఖరం కూడా దారిలోనే ఉంది. దాన్ని బాగుచేయకుండా అలాగే ఉంచారు. యుద్ధం ఎలా ఉంటుందో మరిచిపోకూడదని. గుర్తు పెట్టుకోవడానికి ఇంత శ్రద్ధ చూపే ఊరు మా నాన్నను కూడా ఇంకొన్నాళ్ళు ఉంచి ఉంటుందని నడుస్తున్నంతసేపూ ఆశపడ్డాను.

పెద్ద స్టేషన్ నుంచి ఓల్స్‌డోర్ఫ్‌కు లోకల్ రైల్లో ఇరవై నిమిషాలు. దిగగానే శ్మశానం. శ్మశానం అంటే మన మనసులో మెదిలేది వేరు. ఇది ఒక అడవంత తోట, లోపల సిటీ బస్సులు తిరుగుతాయి. గేటు ముందు పూల దుకాణాలు, రాళ్ళు చెక్కేవాళ్ళు. లోపల నీళ్ళ పంపుల దగ్గర పూలకు పోయడానికి డబ్బాలు వేలాడుతుంటాయి. మనుషులు వచ్చి, తమవాళ్ళ చోటు ఊడ్చి, కలుపు తీసి, నీళ్ళు పోసి, ఎర్రగాజు దీపం పెట్టి వెళ్తారు. ఇరవై అయిదేళ్ళలో నాన్న దగ్గర కలుపు తీయడానికి ఎవరు వచ్చి ఉంటారు?

ఆఫీసులో ఒక పెద్దావిడ రిజిస్టరు తెరిచి, వేలితో వెతికి, ఆగింది. ఆమె మాట్లాడుతుంటే నేను సుబ్రహ్మణ్యంగారి మొహమే చూశాను. ఆయన రిజిస్టరు తన వైపు తిప్పుకుని ఆ వరస మళ్ళీ చదివారు.

"నవంబర్లో తీసేశారండీ" అన్నారు చివరికి. "ఆగస్టు తరువాత ఇంకో మూడు నెలలు ఆగారట. రాయి మీద కాగితం కూడా అంటించారట, ఎవరైనా వస్తారేమోనని. ఎవరూ రాలేదని... కలశం అప్పటికే కరిగిపోయిందండి. దొరికింది తీసి, గడువు తీరినవాళ్ళందరితో కలిపి ఒకచోట పెట్టారట."

నాలుగు నెలల తేడా. తోటమాలి ఒకాయన చిన్న బండిలో మమ్మల్ని తీసుకెళ్ళాడు. ముందు నాన్న పాత చోటు చూపించాడు. అక్కడ అప్పటికే ఇంకెవరిదో కొత్త రాయి, దాని ముందు తాజాగా నాటిన పూలమొక్కలు. ఆ తరువాత భోజపత్ర చెట్ల కింద ఒక పచ్చిక చూపించాడు. పేర్లు లేవు, హద్దులు లేవు. ఎక్కడ మోకరిల్లాలో తెలియక మధ్యలో నిలబడిపోయాను. మా నాన్నను నేను ఎరిగింది ఫోటోలోనే. అయినా ఆయన ఆ క్షణమే నా చేతిలోంచి జారిపోయినట్టు ఏడ్చాను.

కొంచెం మట్టి తీసుకోవచ్చా అని అడిగించాను. తోటమాలి నా చేతిలో రాగి చెంబు చూశాడు. ఇక్కడి నుంచి ఏదీ తీసుకెళ్ళకూడదన్నాడు. తరువాత తన చిన్న తాపీ గడ్డి మీద పెట్టి, ఆ చివర తనకు పావుగంట పని ఉందని చెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. వెళ్ళేముందే ఆ శ్మశానం ఆఫీసుకు రాసి, మీవాళ్ళ పేరు, పోయిన ఏడాది చెప్పి, చోటు నంబరు, గడువు తేదీ రాతలో తెప్పించుకోండి, మీ ఇప్పటి చిరునామా వాళ్ళ రిజిస్టర్లో ఎక్కించండి. గడువు పెంచుకోవడానికి ఒక కాగితం నింపితే చాలు. శుక్రవారాలు పెందలాడే మూసేస్తారు, పొద్దున్నే వెళ్ళండి.

ఇంటికొచ్చాక అమ్మ ఎర్రగుడ్డ విప్పి, చెంబులో చెయ్యి పెట్టి, వేళ్ళ మధ్య నలిపి చూసింది. వరి మడిలో పుట్టి పెరిగిన చెయ్యి అది. "ఇది మన్ను గదా బిడ్డా" అంది. గడువు అయిపోయిందనీ, అందరినీ ఒకచోట కలిపారనీ, ఆ మట్టిలోనే నాన్న ఉన్నాడనీ చెప్పాను. ఉత్తరం సంగతి చెప్పలేదు. బాసరలో గోదావరి ఒడ్డున పంతులు పేరు, గోత్రం అడిగాడు. అమ్మ నాన్న పేరు చెప్పి, "ఇంక మస్తుమంది ఉన్నరు అయ్యగారూ, పేర్లు తెల్వది. ఆల్లక్కూడ చెప్పున్రి" అంది. పేరు లేకుండా ఎట్ల చెప్పాలె అన్నాడాయన. "యాదయ్యతోని ఉన్నోళ్ళు అని చెప్పున్రి" అంది. ఆయన అలాగే చెప్పాడు. మట్టి నీళ్ళలో కలిసేదాకా మోకాళ్ళ లోతున నిలబడి చూసి, అమ్మ తడిచేత్తో నా తల నిమిరింది. ఇరవై అయిదేళ్ళలో ఆమె మొహం అంత తేలిగ్గా ఉండటం నేను చూడలేదు.

"టైముకు పోయినవ్ బిడ్డా" అంది.

అవునమ్మా అన్నాను.