రెడ్డిగూడెంలో అతుకు తప్పింది

దేవుడు మనిషికి రెండే కళ్ళు ఇవ్వడం బాగా ఆలోచించి చేసిన పని. నాకు ఆ రెండే ఎక్కువైపోయి, పెళ్ళీడులో ఒక పెద్దమనిషి ఇంట్లో, నిండు లోగిట్లో, చేతిదాకా వచ్చిన సంబంధాన్ని పచ్చడి చేయబోయాను. చేయబోయాను అంటున్నాను కనక మీరు మరీ కంగారు పడకండి. కానీ ఆ మధ్యాహ్నం తలుచుకుంటే ఇప్పటికీ నా వీపుకి చెమట పడుతుంది. మీ ఇంట్లో తెలివైన కుర్రాళ్ళెవరైనా ఉంటే పిలిచి పక్కన కూచోబెట్టుకుని చదవండి.

స్వరాజ్యం వచ్చిన కొత్తలో జరిగిన సంగతి ఇది. మాది ఉంగుటూరు. వరిచేలూ కాలవగట్లూ తప్ప వేరే కాలక్షేపం లేని ఊరు. నూజివీడులో గుడారం సినిమా దిగిందని తెలిస్తే చాలు, సైకిలెక్కేవాణ్ణి. నాతో బళ్ళో చదువుకున్న నాగభూషణం చాట్రాయి నుంచి వచ్చి అక్కడ కలిసేవాడు. వాళ్ళకి మామిడితోటలున్నాయి.

సినిమాకి వెళ్ళి అందరూ కథ చూస్తారు. నేను అతుకులు చూసేవాణ్ణి. అంటే ఏమిటో చెబుతాను. సినిమావాళ్ళు ఒక్కో సన్నివేశాన్ని ముక్కలు ముక్కలుగా తీసి తరవాత అతికిస్తారట. ఆ ముక్కకీ ఈ ముక్కకీ మధ్య రాజుగారి కిరీటం మాయమైనా, సగం తాగిన పాలగ్లాసు మళ్ళీ నిండినా మేం ‘అతుకు తప్పింది’ అనేవాళ్ళం. దాన్ని కంటిన్యుటీ అంటారని నాకు చాలాకాలానికి గానీ తెలియలేదు. పేరు తెలియనంత మాత్రాన రోగం ముదరకుండా ఉంటుందా?

ముదిరింది. తెరమీద కొడుకు శవం మీద పడి తల్లి ఏడుస్తుంటే, గుడారంలో ఆడవాళ్ళంతా కొంగులు తడుపుకుంటుంటే, నేను లేచి నిలబడి, శవం మెళ్ళో దండ ఇందాక లావుగా ఉంది, ఇప్పుడు సన్నబడింది చూడండి అని చాటేవాణ్ణి. మమ్మల్ని కాసేపు ఏడవనివ్వవేంటయ్యా అని ఒకావిడ వెనకనుంచి నన్ను కసిరింది కూడా. నేను దాన్ని మెప్పు కింద జమ కట్టుకున్నాను.

ఒక సినిమాలో నాయికా నాయకులు మామిడితోటలో పాట పాడారు. పల్లవిలో చెట్టు నిండా పూత. చరణానికొచ్చేసరికి నాయిక చెయ్యెత్తి పండు కోసుకుంది. నాకు పూనకం వచ్చినంత పనైంది.

“ఒరే భూషణం, పూత పండవడానికి ఎన్నాళ్ళు పడుతుందిరా?”

“మా తోటలో అయితే నెలలు పడుతుంది,” అన్నాడు వాడు. “అయినా పాట కూడా పెద్దదేగా.”

“వేళాకోళం కాదు. అతుకు తప్పిందా లేదా?”

“తప్పిందనే అనుకో. ముందా చెట్టెక్కడుందో కనుక్కో. మా నాన్న పొలం అమ్మయినా కొంటాడు.”

దారి పొడుగునా వాదించుకున్నాం. చివరికి వాడు విసిగిపోయి, పాట సంగతి సరే, ఆ పిల్ల ఎంత చక్కగా ఉందో చూశావా అని అడిగాడు. పిల్లనెవడు చూశాడు, నేను కొమ్మ చూస్తున్నాను అన్నాను. వాడు నా వంక జాలిగా చూసి సైకిలెక్కాడు.

ఇక అసలు కథలోకి వద్దాం. అప్పటికే రెండు సంబంధాలు నా నోటి మూలాన వెనక్కి పోయాయి. ఒకచోట పెళ్ళికూతురి తాతగారు తన కాశీయాత్ర వర్ణిస్తుంటే, ఇందాక రైల్లో వెళ్ళానన్నారు, ఇప్పుడు పడవంటున్నారేంటండీ అని అడిగాను. రెండోచోట ఏమన్నానో చెప్పను, ఆ కుటుంబం వాళ్ళు నాకు ఇప్పటికీ ఎదురుపడుతుంటారు. మూడోది కూడా తప్పిపోతే లోపం కుర్రాడిలోనే ఉందని లోకం తీర్మానిస్తుందని మా అమ్మ బెంగ. ఇదీ పోతే ఇంకో గడప తొక్కేది లేదని మా నాన్న ఖరాకండీగా చెప్పేశాడు.

ఆ మూడో సంబంధం రెడ్డిగూడెం వీరరాఘవయ్యగారిది. పెద్ద మామిడితోటల ఆసామి, పెద్దమనిషి. పెద్దమ్మాయి కాపురానికి వెళ్ళింది, చిన్నమ్మాయి రాజ్యలక్ష్మి పెళ్ళికుంది. మా నాన్న మాటకారి కాడు కనక నాకు తోడుగా మా మేనమామ పూర్ణయ్యను పంపించారు. మా మామయ్య మాటకారే, కాకపోతే ఆయన మాట ఎప్పుడూ పోట్లాటకి ఒక్క మెట్టు దూరంలో ఉంటుంది. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకనెట్టుకెళ్ళడమంటారే, మా బండిలో పిల్లులు రెండు. ఎవరు ఎవర్ని చంకనెట్టుకున్నారో చెప్పడం కష్టం.

మంచి పళ్ళ రోజులు. పందిరి కింద మమ్మల్ని కూచోబెట్టి వీరరాఘవయ్యగారు ఒక మాటన్నారు. కాఫీ ఎవరింట్లోనైనా ఇస్తారు, మా ఇంటికొచ్చినవాళ్ళు ముందు మా తోట పండు రుచి చూడాలన్నారు. కోసి ముక్కలు పెట్టడం ఆయన దృష్టిలో రసం పండుకి అవమానం. కాబట్టి గుప్పిటికి పట్టనంత పెద్ద రసాలు, చేతికొకటి.

రసం పండు తినడానికో మర్యాద ఉంది. అరచేతుల మధ్య మెల్లగా నలపాలి, తొడిమ దగ్గర కొరికి కాస్త సొన పిండి పారెయ్యాలి, ఆ తరవాత నోటికి ఆనించి పీల్చాలి. కృష్ణాజిల్లాలో పుట్టిన ప్రతివాడికీ తెలిసిన విద్యే. నాకూ తెలుసు. నలపడం మొదలెట్టాను కూడా.

సరిగ్గా అప్పుడే అమ్మాయి మంచినీళ్ళ పళ్ళెం పట్టుకుని లోపల్నుంచి వచ్చింది. నా కళ్ళు వెంటనే డ్యూటీ ఎక్కాయి. అంతకాలం నలుపూ తెలుపూ సినిమాలు చూసినవాడికి ఒక్కసారిగా ఎదురుగా రంగులు. చిలకపచ్చ చీర, జడలో మల్లెలు, చేతులకి ఆకుపచ్చ గాజులు, చెవులకి బుట్టలు, నుదుట గుండ్రటి కుంకుమ బొట్టు. అన్నీ చూసి మనసులో రాసుకున్నాను. ఎడమచేతికున్న గాజులు కుడిచేతికున్నన్ని లేవేమో అనిపించి, ఆ సంగతి చెబుదామని మామయ్య వైపు తిరిగాను. మామయ్య కళ్ళు మూసుకుని, పండు నోట్లో పెట్టుకుని, ఈ లోకంలో లేడు.

నేను మళ్ళీ తల తిప్పేసరికి అమ్మాయి లేదు. గభాలున లోపలికి వెళ్ళిపోయింది. సిగ్గు కాబోలనుకున్నాను. లోపల ఆడవాళ్ళ నవ్వులు వినిపించాయి. వీరరాఘవయ్యగారు పెదవులు బిగబట్టి దూలాలకేసి చూస్తున్నారు. నా చేతిలో పండు తేలికైపోయి చప్పగా నొక్కుకుపోయి ఉంది. ఇంత పేరున్న తోటలో పళ్ళకి రసమే లేదే అని లోలోపల విమర్శించి, మిగిలిందేదో పీల్చి, టెంక పక్కన పెట్టాను.

కాసేపటికి అమ్మాయి మళ్ళీ వచ్చి చాప మీద కూచుంది. చూశాను కదా, అన్నీ తారుమారు. చిలకపచ్చ చీర లేదు, ఎర్రంచు నీలం చీర. మల్లెలు లేవు, కనకాంబరాలు. గాజులు ఎరుపు. బుట్టలు పోయి రాళ్ళ దుద్దులు. గుండ్రటి బొట్టు నిలువు నామమైంది. ఇన్ని అతుకులు ఒక్కచోట తప్పిన సినిమా నేను పుట్టి చూడలేదు.

“మామయ్యా, ఈ అమ్మాయి ఆ అమ్మాయి కాదు,” అని చెవిలో ఊదాను.

“చీర మార్చుకోకూడదేంట్రా?”

“చీరొక్కటే కాదు. గాజులు, పూలు, దుద్దులు, బొట్టు, అన్నీ వేరే. ఒక మనిషికి ఇన్ని మారవు. నాకు తెలుసు, నేనెన్ని సినిమాలు చూశాను.”

నేను పట్టిన కుందేలుకి మూడు కాళ్ళు కూడా కాదు, రెండే. కానీ మామయ్య నమ్మాడు. వీళ్ళకి ఇద్దరాడపిల్లలన్న మాట ఆయనకి ఎక్కడో గుర్తుంది, పెద్దమ్మాయి కాపురానికి వెళ్ళిన సంగతి మాత్రం గుర్తులేదు. చిన్నదాన్ని చూపించి పెద్దదాన్ని కట్టబెట్టిన కథలు ఆ రోజుల్లో రచ్చబండల మీద బోలెడు. ఆయన కండువా దులిపి లేచి నిలబడ్డాడు.

“వీరరాఘవయ్యగారూ, మాది కాలవ కింద ఊరే గానీ మేం మరీ అమాయకులం కాదండి. ముందొకమ్మాయిని చూపించి వెనక ఇంకో అమ్మాయిని కూచోబెట్టే ఆచారం మీ మెట్ట ఊళ్ళలో ఉందేమో, మాకు లేదు. ఒరే, బండి కట్టమను.”

గోడ అవతల ఎవరో రోలు దగ్గర పచ్చడి నూరుతున్నవాళ్ళు చప్పున ఆపేశారు. ఆ మాట ఆ గోడ దాటిందంటే సాయంత్రానికల్లా ఊరంతా చేరుతుంది. పిల్లని మార్చి చూపించారట అన్న నింద పడ్డ ఇంట్లో ఆ పిల్లకి ఇంకో సంబంధం రావడం ఎంత కష్టమో నాక్కూడా తెలుసు. అది నాకు అప్పుడే, ఆమె తల ఇంకాస్త వంచుకోవడం చూశాకే తట్టింది.

వీరరాఘవయ్యగారు మాత్రం కేకలెయ్యలేదు. మామయ్యని వదిలేసి నా వైపు తిరిగారు.

“మీకేం తేడా కనిపించింది బాబూ?”

భయంలో ఉన్నా విద్యని ఎవరైనా అడిగితే ఆగలేం కదా. చీర దగ్గర్నుంచి బొట్టు దాకా గడగడా అప్పజెప్పాను. అతుకంటే ఏమిటో కూడా వివరించాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

“బాగా చూశారు. మరి ముఖం సంగతేంటి? ముందొచ్చినమ్మాయి ముఖమూ ఈ ముఖమూ ఒకటి కాదంటారా?”

మనసులో రాసుకున్న పట్టీ అంతా వెతికాను. అందులో ముఖం లేదు.

“ముఖం చూళ్ళేదండీ.”

మామయ్య నన్ను చూసిన చూపు వర్ణించలేను. ఆయన చేతిలో చెప్పు లేకపోవడం నా పూర్వజన్మ సుకృతం. అప్పుడు రాజ్యలక్ష్మి లేచి లోపలికి వెళ్ళి, తడిపి పిండిన చిలకపచ్చ చీర తెచ్చి నా ముందు పరిచింది. దాని కుచ్చిళ్ళ నుంచి పమిట దాకా పసుపుపచ్చటి చార.

“అతుకేం తప్పలేదండీ,” అంది. “మధ్యలో ఒక ముక్క మీరు చూళ్ళేదు. మీరు అటు తిరిగి పండు నొక్కారు.”

అని గోడ వైపు చూపించింది. కొత్తగా సున్నం వేసిన తెల్లటి గోడ మీద నా ఘనకార్యం నిలువెత్తున మెరుస్తోంది. చివర ఇంకా కారుతోంది కూడా. పందిరి కింద ఉన్నవాళ్ళంతా ఇంతసేపూ దాన్ని చూస్తూనే ఉన్నారు. చూడనివాళ్ళం ఇద్దరమే. కళ్ళు మూసుకున్న మామయ్య ఒకరు, కళ్ళు తెరుచుకున్న నేనొకణ్ణి. గురివిందకైనా నలుపు కిందే ఉంటుంది, నాకు ఎదురుగోడ మీదే ఉంది.

మిగతాదంతా అద్దంలో చూసినట్టు తేటగా తెలిసిపోయింది. రసం ముఖం మీదా జడ మీదా పడింది. ముఖం కడిగితే బొట్టు పోయింది, మల్లెలు తడిసి పోయాయి. చీర మార్చితే గాజులు నప్పలేదు, గాజులు మారిస్తే బుట్టలు నప్పలేదు. పెళ్ళికొడుకు నొచ్చుకుంటాడని ఆ ఇంట్లో ఎవ్వరూ పల్లెత్తు మాటనలేదు. అంత మర్యాదస్తుల్ని మేం దొంగల్ని చేశాం. లేచి, వీరరాఘవయ్యగారి ముందు చేతులు జోడించి, తప్పంతా నాదే, మామయ్య మాటలు నేను నూరిపోసినవే, మీ అమ్మాయి మీద నింద రాకుండా గోడ అవతలి వాళ్ళకి కూడా నేనే వెళ్ళి చెప్పి వస్తానని అన్నాను. నా జీవితంలో అలంకారాల్లేకుండా మాట్లాడింది అప్పుడే. మామయ్య కండువా తీసి చేతిలో పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

వీరరాఘవయ్యగారు కూతురి వైపు తిరిగారు. మాట పడ్డది మా అమ్మాయి కనక ఏం చెయ్యాలో తనే చెబుతుంది అన్నారు. నాకు మా అమ్మ బెంగా, మా నాన్న శపథమూ కళ్ళ ముందు తిరిగాయి. అంతకంటే ముందు, ఈ అమ్మాయి వద్దంటే నాకే బాధగా ఉంటుందన్న కొత్త సంగతి కూడా తెలిసింది. చీర పరిచి గోడ చూపించిన ఆ తీరు నాకు అంత నచ్చేసింది.

“ముఖం చూళ్ళేదన్నారు కదా నాన్నా,” అంది రాజ్యలక్ష్మి. “ఒకసారి చూసి చెప్పమనండి.”

చూశాను. పెళ్ళిచూపులకొచ్చి, పండు తిని, పోట్లాడి, చేతులు జోడించి, అప్పుడు చూశాను పెళ్ళికూతుర్ని. నవ్వు ఆపుకోలేక ఆ అమ్మాయి బుగ్గలు వణుకుతున్నాయి. చక్కటి ముఖం. ఇంకేమీ కనిపించలేదు, దుద్దులు ఏ రంగువో ఇప్పుడడిగితే చెప్పలేను.

“ఏరా, తప్పులేమైనా ఉన్నాయా?” అన్నాడు మామయ్య పళ్ళు కొరుకుతూ.

“ఒక్కటి కూడా లేదు మామయ్యా,” అన్నాను.

ముందు వీరరాఘవయ్యగారు నవ్వారు. ఆయన వెనక లోపలి గది, ఆ తరవాత గోడ అవతలి రోలు కూడా నవ్వింది. బండి కట్టమన్న మామయ్యే బండి విప్పమన్నాడు. ఆ సాయంత్రం మేం కాఫీ తాగి, భోంచేసి, ముహూర్తం మాటలు కూడా మాట్లాడుకుని మరీ బయల్దేరాం. దారిలో మామయ్య నన్ను తిట్టిన తిట్లు చల్లగాలిలా హాయిగా తగిలాయి.

పెళ్ళయింది. ఏళ్ళు గడిచాయి, పిల్లలు, మనవలు. ప్రతి వేసవికీ రెడ్డిగూడెం వెళ్తాం. వరసగా కూచోబెట్టి అందరికీ రసాలు పంచుతారు, పాలబుగ్గల మనవడితో సహా. నా వంతు వచ్చేసరికి మా ఆవిడ లోపలికి వెళ్ళి, పండు తనే పిండి, గ్లాసులో పోసి తెచ్చిస్తుంది. మా కోడళ్ళు కూడా దీన్ని ఆచారంగా పాటిస్తున్నారు.

కాబట్టి పాఠక మహాశయులారా, ఉంగుటూరు కాలవ సాక్షిగా, రెడ్డిగూడెం గోడ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట తెర మీద కిరీటాలు మాయమైనా, పూత పాటలో పండైనా, చచ్చినవాడు లేచి భోంచేసినా నేను నోరెత్తను. ఎవరి ఎదుట కూచున్నా ముందు ముఖం చూస్తాను. అది పూర్తిగా చూశాక గానీ పండు చేత్తో ముట్టను.